మా ఊళ్ళో ఒకే ఒక్క డెమోక్రాట్

మార్డెల్ హావ్లిక్ ఇంటి ముందు ఇరవై ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికల బోర్డు కూడా లేదు. మా డ్రైఫోర్క్‌లో అది చిన్న విషయం కాదు. అక్టోబరు వచ్చిందంటే ఇక్కడ గడ్డి కంటే బోర్డులే ఒత్తుగా మొలుస్తాయి. అన్నిటి మీదా ఒకటే పేరు. అందరూ ఆ పేరుకే ఓటేసే ఊళ్ళో ఎవరు ఎవరికి నచ్చజెబుతున్నారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కొందరు ఎన్నికలు అయిపోయినా పీకరు. మంచు పడుతుంది, కరుగుతుంది, పేరు వెలిసిపోతుంది, మళ్ళీ కొత్తది పాతుతారు.

మార్డెల్ ఇంటి ముందు మాత్రం రెండు బంతిపూల తొట్లు ఉంటాయి. అలాగని ఆవిడది ఏ పార్టీయో తెలియనివాళ్ళు లేరు. నూట ఇరవై గడపల ఊరికి ఆవిడే డెమోక్రాట్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె ఆవిడే. తేడా ఏమిటంటే ఈ ఉలిపికట్టె లేకపోతే ఊరికి పోలింగ్ కేంద్రమే లేదు. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఆవిడ మా బడి వంటశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు వండింది. ఊళ్ళో యాభై లోపు వయసున్న ప్రతి ఒంట్లోనూ ఆవిడ పిసికిన పిండి ఉంది. గురువారం వస్తే మాంసం, ఎర్ర చిక్కుడు గింజలు వేసి కాచిన చిల్లీ, పక్కన అరచెయ్యంత దాల్చినచెక్క రోల్. కారపు పులుసులో తీపి రొట్టె ముంచుకు తింటారా అని పక్క రాష్ట్రాల వాళ్ళు ముఖం చిట్లిస్తారు. వాళ్ళ ఖర్మ. రెండో రోల్ కావాలంటే ఆవిడ కళ్ళలోకి చూసి మర్యాదగా అడగాలి. అలా అడగడానికి సిగ్గుపడి ఏడ్చిన పిల్లలే ఇప్పుడు గడ్డాలు పెంచి, ట్రక్కులకు పడవ తెరచాపలంత జెండాలు కట్టుకుని తిరుగుతున్నారు.

ఇరవై ఆరేళ్ళ కిందట, ఎన్నికలు ఇంకో నెల ఉందనగా, పోలింగ్ టేబుల్ దగ్గర డెమోక్రాట్ కుర్చీలో కూర్చునే ముసలాయన పోయాడు. కౌంటీ ఆఫీసు నుంచి మార్డెల్‌కి ఫోను వచ్చింది. "ఈ ఒక్కసారికి, మిసెస్ హావ్లిక్" అన్నారట. ఆ మాట నమ్మి బాగుపడ్డవాళ్ళు ఉన్నట్టు నేను ఎక్కడా వినలేదు. ఆవిడ నమ్మింది.

మా దగ్గర పద్ధతి ఇది. ఓటరు చేతికి ఇచ్చే ప్రతి బ్యాలెట్ మీదా టేబుల్ దగ్గరున్న ఇద్దరు పొడి సంతకాలు పెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే పార్టీ వాళ్ళు కాకూడదు. ఒకరినొకరు నమ్మనివాళ్ళు కనిపెట్టిన ఏర్పాటు కాబట్టి గట్టిగానే ఉంది. రిపబ్లికన్ కుర్చీకి మా ఊళ్ళో కొదవ లేదు. అందులో కూర్చునేది వర్జిల్ బోర్చర్డ్ అని, డెబ్బై ఎనిమిదేళ్ళ రైతు, మాజీ సైనికుడు. వర్జిల్, మార్డెల్ ఏడాదికోసారో రెండుసార్లో ఊరి హాల్లో పొద్దున్న ఆరు నుంచి పక్కపక్కన కూర్చుంటారు. ఆవిడ కొలాచీలని తీపి బన్నులు తెస్తుంది. లోపల గసగసాలు పెట్టాలా, ఎండు ప్లమ్ పండు పెట్టాలా అన్నదొక్కటే ఇరవై ఆరేళ్ళలో ఆ రెండు పార్టీల మధ్య వచ్చిన తగాదా.

టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళు ఆ రోజు పార్టీ బిళ్ళ పెట్టుకోకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. చట్టం అడిగింది ఆ ఒక్కరోజే. మార్డెల్ దాన్ని మూడువందల అరవై అయిదు రోజులకీ చుట్టుకుంది. ఓట్లు ముట్టుకునే చెయ్యి మీద ఈగ కూడా వాలకూడదంటుంది. అందుకే బోర్డు లేదు, కారు వెనక చీటీ లేదు, చర్చి భోజనాల్లో వాదన లేదు. అలా మా ఊరికున్న ఒకే ఒక్క డెమోక్రాట్ ఇరవై ఆరేళ్ళుగా మూగది.

ఒకే ఒక్క డెమోక్రాట్ అంటున్నాను కానీ, అది కాగితం లెక్క. మా రాష్ట్రంలో ఓటరుగా పేరు రాయించుకునేటప్పుడే ఏ పార్టీయో కూడా రాయించాలి. ఆ జాబితా ప్రకారం డెమోక్రాట్లు ముగ్గురు. మార్డెల్ ఒకరు, మనుషుల్ని గుర్తుపట్టలేక వృద్ధాశ్రమంలో ఉన్న ఒక పెద్దాయన ఒకరు, నెలల తరబడి లారీ మీదే తిరిగే గ్లోరియా ఒకరు. కానీ ఓట్లు లెక్కపెట్టినప్పుడల్లా ఆ పార్టీకి తొమ్మిది పడతాయి. ఆ మిగతావాళ్ళు ఎవరన్నది మా ఊరికి ఇష్టమైన పొడుపుకథ. పాస్టరు భార్య అంటారు, కొత్తగా వచ్చిన సైన్సు టీచరు అంటారు. నన్ను మాత్రం ఎవరూ అనుమానించరు. ఆ తొమ్మిదిలో ఒకటి నాది.

నా పేరు కర్ట్ వోబోరిల్. ఊరి మధ్యలో ఉన్న మాంసం కొట్టు నాది. రైతులు ఎద్దుల్ని తెస్తారు, పందుల్ని తెస్తారు, నవంబరులో వేటాడిన జింకల్ని తెస్తారు. కోసి, కట్టి, పొగబెట్టి ఇస్తాను. మా నాన్న రిపబ్లికన్ అని రాయించాడు, నేనూ పద్దెనిమిదేళ్ళప్పుడు అదే రాయించాను. తర్వాత నా బుర్ర మారింది, కాగితం మారలేదు. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. నేను గోడ మీదే ఇల్లు కట్టుకున్నాను.

ఉడుకుతున్న కుండకి ఆవిరి పోయే దారి కావాలి కదా. నా దారి మార్డెల్. ప్రతి శుక్రవారం ఆవిడ సూప్ ఎముకల కోసం వచ్చేది. ఎముకలు చూపిస్తానని ఆవిణ్ణి చలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, వారమంతా దాచుకున్నవన్నీ కక్కేవాణ్ణి. వేలాడుతున్న పందుల మధ్య ఇద్దరం పగలబడి నవ్వేవాళ్ళం. అంటే నేను చెప్పేవాణ్ణి, ఆవిడ నవ్వేది. ఆవిడ ఒక్క మాట కలిపేది కాదు. అంత చలిలో, అన్ని పందుల సాక్షిగా కూడా నోరు కట్టేసుకునేది.

చెప్పుకోవడానికి సరుకు మాత్రం పుష్కలం. మా ఊరివాళ్ళ ఉద్యమాలు ఎలాంటివంటే, ప్రభుత్వం మా జోలికి రాకూడదని ట్రాక్టర్ల ఊరేగింపు పెట్టారు. ప్రభుత్వం వేసిన రోడ్డు మీద, ప్రభుత్వ సాయంతో కొన్న ట్రాక్టర్ల మీద, ముందు పోలీసు కారు దారి చూపిస్తుంటే. ఊరేగింపు మూడు గంటలకు ముగించారు, ఎందుకంటే సగం మందికి ప్రభుత్వ ఆసుపత్రిలో మోకాళ్ళ పరీక్షలున్నాయి. ఇంకోసారి గ్రంథాలయం మీద పడ్డారు. పిల్లలు చదవకూడని పుస్తకాలన్నీ తీసెయ్యాలన్నారు. ఏవేవో చెప్పమని లైబ్రేరియన్ జాబితా అడిగింది. ఎవరూ ఏదీ చదవలేదు. చదివి రావడానికి రెండు వారాలు గడువిస్తే, ఆ రెండు వారాల్లో ఆ పుస్తకాలకి ఎన్నడూ లేనంత గిరాకీ వచ్చింది.

మా పక్షం, అంటే డెమోక్రాట్లు, మాత్రం తక్కువ తిన్నారా అంటే, అదీ లేదు. పెద్ద నగరంలో మా పక్షం ఊరేగింపులు చూశాను. అట్టముక్క మీద ఒక చమత్కారం రాసుకుని, దానితో ఫోటో దిగి, కాఫీ తాగి ఇంటికి పోతారు. వాళ్ళకి మా ఊరు మ్యాపులో రిపబ్లికన్ల రంగు పులిమిన ఎర్ర మరక. నేను అంతకన్నా హీనం. అట్టముక్క కూడా లేనివాణ్ణి.

ఇక పోయిన అక్టోబరు సంగతి. ఉద్యమ నాయకుడు ట్రాయ్ ఎంగెల్. నలభై నాలుగేళ్ళు, ధాన్యం గిడ్డంగిలో పని, సాయం చేసే చెయ్యి, వినిపించేలా మాట్లాడే గొంతు. ఎవరి పశువు గుంటలో పడ్డా ముందు వచ్చేది అతనే. ఎన్నికల్లో దొంగ ఓట్లు వేస్తున్నారని, అవన్నీ పోస్టులో వచ్చే బ్యాలెట్ల వల్లేనని ఫోనులో చూసి గట్టిగా నమ్మాడు. ముప్పై ఎనిమిది మైళ్ళ అవతల మిల్‌బర్గ్‌లో కౌంటీ కోర్టు ముందు, ఇంటి దగ్గర నింపుకున్న బ్యాలెట్లు వేసే ఇనుప పెట్టె ఉంది. దాన్ని కాపలా కాయాలని పిలుపిచ్చాడు. పదకొండు మంది కదిలారు. మడత కుర్చీలు, ఐసు పెట్టెలు, వేటకి వేసుకునే ఆకుల రంగు బట్టలు. కోర్టు ముందున్న సిమెంటు మీద ఆకుల రంగు బట్టలేసుకున్న పదకొండు మందిని ఎవరూ గమనించరని అనుకున్నారు కాబోలు.

పెట్టెకి రెండువందల అడుగుల దూరం పాటించాలని చట్టం. మా వాళ్ళు మంచివాళ్ళు, టేపుతో కొలిచి మరీ రోడ్డుకి అవతల కూర్చున్నారు. రెండు రోజులు పగలంతా పెట్టె మీంచి చూపు తిప్పలేదు. ఏడుగురు వచ్చి ఏవో పొట్లాలు వేశారు. ఏడుగురినీ ఫోటో తీశారు. మూడో రోజు ఒక ముసలాయన వచ్చి, సంచిలోంచి మడిచిన కట్టలు ఒకటి తర్వాత ఒకటి పన్నెండు వేశాడు. పన్నెండు! ట్రాయ్ ఫోను ఎత్తిపట్టుకుని రోడ్డు దాటి పరిగెత్తాడు.

"దొరికావ్! కదలకు! మొత్తం రికార్డవుతోంది!"

ముసలాయన తిరిగాడు. వర్జిల్ బోర్చర్డ్.

"ఏం దొరికిందిరా నీకు?" అన్నాడు వర్జిల్. "మీ తాత సమాధి మీది జెండా దొరికింది. ఎండకి చిరిగిపోయింది. చూస్తావా?"

అది చిరిగిన జెండాల పెట్టె. సైనికుల సమాధుల మీద, ఇళ్ళ మీద పాతబడ్డ జెండాని చెత్తలో వెయ్యకూడదు. మాజీ సైనికుల సంఘం వాళ్ళు అవన్నీ పోగుచేసి ఏటా లాంఛనంగా కాలుస్తారు. ఆ సంగతి పెట్టె మీద బెత్తెడు అక్షరాలతో రాసి ఉంది, రెండువందల అడుగుల నుంచి కనబడదు. బ్యాలెట్ల పెట్టె కోర్టుకి ఉత్తరం వైపు, షెరిఫ్ తలుపు పక్కన ఉంది. లోపలికెళ్ళి అడిగితే చెప్పేవాళ్ళు. కానీ లోపలున్నవాళ్ళని నమ్మకూడదన్నదే కదా అసలు ఉద్యమం. దేశం మీద ప్రేమతో వచ్చిన పదకొండు మంది రెండున్నర రోజులు దేశం జెండా మీదే నిఘా పెట్టారు.

ఆ శుక్రవారం చలి గదిలో ఇది చెప్పినప్పుడు మార్డెల్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "పాపం వాడికి బడి రోజులనుంచీ సరైన వరసలో నిలబడడం రాదు" అంది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ అన్న మొదటి రాజకీయ వ్యాఖ్య అదే.

నవ్వులపాలైనవాడికి సిగ్గు ఎక్కువసేపు ఉండదు, కోపంగా మారిపోతుంది. మరుసటి వారం మా ఊరి హాలు ముందు ట్రాయ్ పాతిన పెద్ద బోర్డు లేచింది. "మన ఓట్లు లెక్కపెడుతున్నది ఎవరు?" అని. కింద ఒక కన్ను బొమ్మ. మన ఓట్లు లెక్కపెడుతున్నది ఎవరో కుక్కలతో సహా ఊరందరికీ తెలుసు. ఒకరు వర్జిల్. ఆయన వాళ్ళ మనిషే. మరి మిగిలింది?

మార్డెల్ పోస్టాఫీసుకి పోతూ ఆ బోర్డు చూసిందట. ఇంటికి వెళ్ళకుండా నేరుగా నా కొట్టుకి వచ్చింది. ఆ రోజు శుక్రవారం కాదు. చలి గదిలోకి తనే నడిచింది.

"పదమూడేళ్ళు అన్నం పెట్టాను కర్ట్ వాడికి" అంది. "వాడికి పాలు పడవు. వాడి ఒక్కడి కోసం నీళ్ళతో చేసిన రోల్ విడిగా పెట్టేదాన్ని. నన్ను దొంగంటాడా?"

"మీ పేరు రాయలేదుగా..."

"గుడ్డిదాన్ని కాదు. రాజీనామా చేస్తున్నానని షెరిల్‌కి ఇప్పుడే ఫోనులో చెప్పా." షెరిల్ అంటే కౌంటీ ఎన్నికల అధికారి. "డెబ్బై మూడొచ్చాయి నాకు. చచ్చేలోపు ఒక్కసారి నోరు తెరవాలనుంది. పెద్ద కోరికేం కాదు. వాళ్ళ మడత కుర్చీలకి ఎదురుగా నేనూ ఒక మడత కుర్చీ వేసుకుంటా. ఒళ్ళో ఒక బోర్డు. సాండ్‌విచ్ తింటూ కూర్చుంటా. అంతే. కానీ..."

"కానీ ఏంటి?"

"నా కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. లేకపోతే మనూరి పోలింగ్ మూసేస్తారట. వర్జిల్‌కి పెళ్ళాం పోయాక ఏడాదికి ఆ ఒకటి రెండు రోజులే కదా మనుషుల మధ్య కూర్చునేది. అదీ పోతుంది." ఆవిడ చేతులు రుద్దుకుంటోంది, చలికో మరి దేనికో. "ఒక్క కాగితం కర్ట్. పార్టీ మార్చి సంతకం పెడితే చాలు. వచ్చే వారం శుక్రవారం దాకా గడువుంది. ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

నాకు వెంటనే ఒక చమత్కారం తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

"మార్డెల్, జింకల సీజను ముంచుకొస్తోంది" అన్నాను. "ట్రాయ్ వాళ్ళ బంధువులే నలభై ఇళ్ళు. నేను డెమోక్రాట్ అని తెలిస్తే రేపు నా కొట్టుకి ఎద్దుని తోలుకొచ్చేవాడుంటాడా? మా ఆవిడ చర్చిలో తల ఎత్తుకోగలదా?"

"నేను ఎత్తుకు తిరగట్లేదూ?"

"మీ సంగతి వేరు."

"ఎలా వేరు?"

ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించుకుంటానని ఎవరైనా అంటే ఆలోచన అప్పటికే అయిపోయిందని అర్థం. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఎముకలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం షెరిల్ ప్రకటన వచ్చింది. డ్రైఫోర్క్‌లో రెండో పార్టీ నుంచి శుక్రవారంలోగా ఎవరూ ముందుకు రాకపోతే ఇక్కడి పోలింగ్ కేంద్రం ఎత్తేస్తామని, ఊరందరికీ బ్యాలెట్లు పోస్టులో పంపిస్తామని, నింపి మిల్‌బర్గ్‌లోని పెట్టెలో వేసుకోవచ్చని. అంటే ట్రాయ్ ఏ పోస్టు బ్యాలెట్ల మీద, ఏ పెట్టె మీద యుద్ధం చేశాడో, ఇక అతనితో సహా ఊరంతా వాటి పాలవుతుంది. ఆ ఒక్క డెమోక్రాట్ తప్పుకుంటే దొంగ ఓట్ల దారి బార్లా తెరుచుకుంటుందని మా వాళ్ళకి ఆ సాయంత్రం తెలిసింది. నవ్వాలనిపించింది. నవ్వడానికి చలి గదిలో నాతో ఎవరూ లేరు.

బుధవారం మధ్యాహ్నం ట్రాయ్ నా కొట్టుకి వచ్చాడు. వెనకే వర్జిల్.

"కర్ట్, ఆప్రాన్ తీసెయ్. మిసెస్ హావ్లిక్ ఇంటికెళ్దాం" అన్నాడు ట్రాయ్.

"నేనెందుకు?"

"ఆవిడ నీ మాట వింటుంది. వారం వారం వస్తుంది కదా నీ దగ్గరికి. అలాగే ఒక పొగబెట్టిన పంది తొడ కూడా తీసుకో, మంచిది చూసి. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం?"

కుదరదు అనాల్సింది. మా ఇద్దరి సంగతి ఎక్కడ బయటపడుతుందోనని పంది తొడ ఒకటి కాగితంలో చుట్టి ట్రక్కెక్కాను. ముగ్గురం ముందు సీట్లోనే, మధ్యలో నేను.

మార్డెల్ తలుపు తీసి ముగ్గురినీ చూసింది. నన్ను చూసినప్పుడు ఒక్క క్షణం ఆవిడ ముఖం వెలిగింది. నేను సంతకం పెట్టడానికి వచ్చాననుకుంది. తర్వాత నా చేతిలో పంది తొడ, నా పక్కన ట్రాయ్. అర్థమైంది. లోపలికి రమ్మంది. వంటింట్లో దాల్చినచెక్క వాసన. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రోల్స్ పళ్ళెం. ట్రాయ్ కళ్ళు దాని మీదికే పోయాయి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మిసెస్ హావ్లిక్, మీరు తప్పుకోకూడదు" అన్నాడు.

"ఎందుకని? దొంగని కదరా నేను."

"అయ్యో, ఆ బోర్డు మీ గురించి కాదండి!"

"మరి ఎవరి గురించి? వర్జిల్ గురించా?"

వర్జిల్ మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. ట్రాయ్ చెవులు ఎర్రబడ్డాయి. "దేశం మొత్తం మీద జరుగుతున్నదాని గురించండి. మనూరి గురించి కాదు. మనూళ్ళో ఎలా జరుగుతుంది? ఇక్కడ మీరున్నారుగా!"

"అంతా దొంగలే, నేను తప్ప?"

"అంతే అండి" అన్నాడు ట్రాయ్. కళ్ళలో ఇంత కూడా కల్మషం లేదు. నాకు అతన్ని కొట్టాలనిపించింది, ఒక రోల్ ఇవ్వాలనీ అనిపించింది. "ఆ బోర్డు పొద్దున్నే పీకేశా. కావాలంటే ట్రక్కులో ఉంది, చూపిస్తా."

"వద్దు, పొయ్యిలోకి పనికొస్తుంది, నువ్వే ఉంచుకో."

అప్పుడు వర్జిల్ నోరు విప్పాడు. "మార్డెల్, నీకు ఇష్టం లేకపోతే వద్దు. నేను బలవంతం చెయ్యను. కానీ నువ్వు లేకుండా ఆ హాల్లో... నేనూ ఉండను. ఇద్దరం ఒకేసారి మానేద్దాం. అంతే."

ఆవిడ లేచి, డ్రాయర్లోంచి రెండు కాగితాలు తెచ్చి, రోల్స్ పళ్ళేనికి అటొకటి ఇటొకటి పెట్టింది.

"షెరిల్ పంపింది. ఇది నా కాగితం. దీని మీద సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు నేనే. ఇదేమో ఖాళీది, పార్టీ మార్చుకునేవాళ్ళకి. ఇది ఎవరైనా నింపితే నాకు విడుదల. ఊళ్ళో తొమ్మిది ఓట్లు పడుతున్నాయి కదా. నేనొక్కదాన్నే తొమ్మిది వెయ్యట్లేదు. మీకెవరైనా తెలిస్తే చెప్పండి."

ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఖాళీ కాగితం నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. పెన్ను దాని మీదే ఉంది. నా పేరు, నా చిరునామా, ఒక గడిలో టిక్కు. పంది కడుపు కొయ్యడానికి పట్టేంత సేపు కూడా పట్టదు.

ట్రాయ్ నవ్వాడు. "ఎవరండీ, ఇదిగో మన కర్ట్ ఉన్నాడు! కర్ట్, నింపుతావా?"

వర్జిల్ కూడా నవ్వాడు. అది ఊరికే అన్న మాట, ట్రాయ్ తనకు తెలియకుండా తెరిచిన తలుపు. "నింపుతాను" అంటే చాలు. నవ్వుతూనే అనొచ్చు.

"నేనా?" అన్నాను. "నా కొట్లో పందులు ఓటేస్తే అవైనా ఆ పార్టీకి వెయ్యవు."

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వారం వారం ఆవిడకి నవ్వు తెప్పించిన నోరే అది. ఈసారి ఆవిడ నవ్వలేదు. కోప్పడలేదు కూడా. ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వేడి పళ్ళెం కింద దూర్చింది, బల్ల కాలకుండా. రెండో కాగితం దగ్గరకు లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, సంతకం పెట్టింది. ఇరవై ఆరేళ్ళ కిందట పెట్టినంత నిదానంగా పెట్టి ఉంటుంది.

ట్రాయ్ లేచి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. అతని కళ్ళు తడిశాయి, నిజంగానే. "థాంక్స్ అండి, మిసెస్ హావ్లిక్. ఊరి పరువు నిలబెట్టారు."

"కూర్చోరా. రోల్ తిను. నీది ఆ చివరున్నది, పాలు పొయ్యలేదు."

ఆవిడ ముందే చేసి పెట్టింది. అంటే మేం వస్తామని ముందే తెలుసు, నేను ఎవరితో వస్తానన్నదొక్కటే తెలియదు. ట్రాయ్, వర్జిల్ తిన్నారు. గసగసాల కొలాచీలు ఈసారైనా మానమని వర్జిల్ అన్నాడు. ఛస్తే మాననని ఆవిడ అంది. వాళ్ళిద్దరూ వేళ్ళు నాక్కుంటూ బయటికి నడిచారు. నేను పళ్ళేలు తీస్తున్నట్టు నటిస్తూ వెనక ఉండిపోయాను.

"మార్డెల్, నేను..." అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది.

"నువ్వూ వెళ్ళు కర్ట్. వాళ్ళతో కదా వచ్చావు."

వెళ్ళాను. ట్రక్కులో మళ్ళీ మధ్య సీటే. రోడ్డుకి రెండు వైపులా బోర్డులు, అన్నిటి మీదా అదే పేరు. ట్రాయ్ సంతోషంగా స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆపేశాడు.

"ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడట్లేదు కర్ట్" అన్నాడు. "ఆవిడ అలసిపోయింది, చూశావా? ఆ తొమ్మిది మందిలో ఇంకొకడెవడో ఉన్నాడు కదా. మనూళ్ళోనే, మన మధ్యే తిరుగుతుంటాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి అడుగుతుంటే బయటికి రాడా? వాడిది ఏ పార్టీ అయితే నాకేంటి, అంత పిరికివాడు ఏ పార్టీలో ఉంటే మాత్రం ఏం లాభం?"

వర్జిల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా భుజానికి ఆయన భుజం తగులుతోంది. ఆయన ఇటు తిరగలేదు.

"అవును ట్రాయ్" అన్నాను.